"బాత్రూంలో జారిపడ్డాను" అంటూ క్యాజువాలిటీకి వచ్చిన ఆమెను ఏమడగాలి, ఏం రాయాలి

గుంటూరులో క్యాజువాలిటీ డ్యూటీలో కొత్తగా చేరిన ఒక స్టాఫ్ నర్స్ అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ. రాత్రి పూట భర్త వెంటబెట్టుకొచ్చిన ఒకామెకి కన్ను వాచిపోయి ఉంది, బాత్రూంలో జారిపడ్డానంటుంది, చేతుల మీద పాత మచ్చలున్నాయి, భర్త పక్కనుంచి కదలడు. ఇలాంటప్పుడు అడగాలా వద్దా, అడిగితే ఎలా అడగాలి, ఆమె వద్దంటే ఎమ్మెల్సీ (మెడికో లీగల్ కేసుగా రాసి పోలీసులకు తెలపడం) చేయాలా, ఇంతా చేశాక ఆమె మళ్లీ ఆ ఇంటికే పోతే మనం చేసిందేముంది?

సిస్టర్, నేను గుంటూరులోనూ విజయవాడలోనూ చాలా ఏళ్లు క్యాజువాలిటీలోనే చేశాను, ఇప్పుడు హెడ్ నర్సుని. ముందు మీ చివరి ప్రశ్నకే జవాబు చెప్తాను, అది తేలకపోతే మిగతావేవీ చేయబుద్ధి కాదు. ఆమెను ఆ ఇంట్లోంచి బయటికి తీసుకురావడం మన డ్యూటీ కాదు. దెబ్బకి సరైన వైద్యం అందేలా చూడటం, ఒక ఐదు నిమిషాలు ఆమె ఒంటరిగా మాట్లాడే వీలు కల్పించడం, చెప్పింది చెప్పినట్టు కాగితం మీద పెట్టడం, సాయం ఎక్కడ దొరుకుతుందో చెవిన వేయడం, ఇంతే మన పని. ఇందులో రాయడాన్నే మనవాళ్లు అన్నిటికన్నా తేలిగ్గా తీసుకుంటారు. కానీ వాపు వారంలో పోతుంది, చూసిన హౌస్ సర్జన్ పీజీ సీటొచ్చి ఎక్కడికో వెళ్లిపోతాడు, మీరు వేరే వార్డుకి మారిపోతారు, రెండేళ్ల తర్వాత ఆమె కోర్టులో నిలబడితే ఆ రాత్రి గురించి మాట్లాడేది మీరు రాసిన ఆ కాగితమే.

అడగాలా వద్దా అంటే, అడగాలి. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) లెక్కల్లో మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 30 శాతం మంది భర్త చేతిలో హింస చూసినవాళ్లే, దేశం మొత్తమ్మీద అలా దెబ్బలు తిన్నవాళ్లలో ఎవరినైనా సాయం అడిగింది 14 శాతమే. పోలీస్ స్టేషన్ గడప తొక్కని మనిషి కుట్లు వేయించుకోవడానికి మన దగ్గరికి వస్తుంది కదా. అలాగని వచ్చిన ప్రతి ఆడమనిషినీ వరసబెట్టి అడగమని నేను చెప్పను, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా అలా చెప్పలేదు. దెబ్బకీ చెప్పే కథకీ పొంతన లేనప్పుడు, దెబ్బ తగిలి రెండు రోజులైనా ఇప్పుడే వచ్చినప్పుడు, పాతవీ కొత్తవీ దెబ్బలు కలిసి కనిపించినప్పుడు, అడిగిన ప్రతిదానికీ ఆమె బదులు ఆయనే జవాబు చెప్తున్నప్పుడు అడగాలి. జారిపడ్డ మనిషికి మామూలుగా మణికట్టు విరుగుతుంది, మోకాలు చెక్కుకుంటుంది, తుంటి మీద దెబ్బ తగులుతుంది. కంటి చుట్టూ, చెవి వెనక, రొమ్ము మీద, రెండు జబ్బల లోపలి వైపు ఒకేసారి కమలదు. ముంజేతిలో చిటికెన వేలి వైపు ఎముక ఒక్కటే విరిగితే మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుందేమోనని అనుమానించండి.

కానీ భర్త ఎదురుగా ఎప్పుడూ అడగొద్దు. అత్త ఎదురుగా, ఆడపడుచు ఎదురుగా కూడా వద్దు. సొంత తల్లి పక్కనున్నా నేనైతే అడగను, ఎందుకంటే "సర్దుకుపోవే, నలుగురిలో పరువు పోతుంది" అని చెప్పి పంపింది చాలాసార్లు ఆవిడే. మాటలొచ్చిన పిల్లలుంటే వాళ్ల ముందూ వద్దు, ఇంటికెళ్లగానే "అమ్మ సిస్టర్‌కి చెప్పేసింది నాన్నా" అంటారు, వాళ్లకేం తెలుసు పాపం.

ఆయన కదలడే అంటారా. "మీరు బయటికెళ్లండి, ఆమెతో మాట్లాడాలి" అన్నారంటే అక్కడితో అయిపోయింది, అనుమానం వచ్చేస్తుంది, ఆ రాత్రి ఇంటికెళ్లాక "ఏం చెప్పావ్" అని ఇంకో రెండు పడతాయి. క్యాజువాలిటీలో మనిషిని బయటికి పంపడానికి సాకులు కొదవా! ఓపీ చీటీ రాయించుకు రమ్మనండి, ఆధార్ జిరాక్స్ కావాలనండి, మందుల షాపుకి పంపండి. ఈసీజీ తీయాలి, బట్టలు వదులు చేయాలి, మగవాళ్లు స్క్రీన్ అవతల ఉండండి అంటే ఎవరూ ఎదురు చెప్పరు. మూత్రం శాంపిల్ కోసం మీరే బాత్రూం దాకా తోడు వెళ్లండి. అత్తగారు వచ్చి ఉంటే మాత్రం వీటిలో సగం పనిచేయవు, ఆవిడా ఆడమనిషే కాబట్టి స్క్రీన్ లోపలికి వచ్చి కూర్చుంటుంది. ఆవిడకి ఎక్స్‌రే గది ఒక్కటే మందు, రేడియేషన్ అంటే వాకిట్లోనే ఆగిపోతుంది.

అడిగేటప్పుడు "డొమెస్టిక్ వయొలెన్స్", "గృహహింస" లాంటి మాటలు వాడకండి. తనకు జరుగుతున్నదాన్ని ఆమె ఎప్పుడూ ఆ పేరుతో అనుకుని ఉండదు, "అబ్బే, అలాంటిదేం లేదండీ, ఆయన మంచోడే, తాగితేనే" అంటుంది. "ఇలాంటి దెబ్బలతో వచ్చినవాళ్లను చాలామందిని చూశానమ్మా, ఇంట్లో ఎవరైనా చెయ్యి చేసుకున్నారా?" అని మామూలు గొంతుతో, సెలైన్ సర్దుతూనో బీపీ చూస్తూనో అడగండి. కళ్లలోకి గుచ్చి చూస్తూ అడిగితే పోలీసు విచారణ లాగా ఉంటుంది. లేదంటే లేదనే ఊరుకోండి, రెండోసారి గుచ్చి అడగొద్దు. "సరేనమ్మా, ఎప్పుడైనా అలాంటిది ఉంటే ఇక్కడ చెప్పొచ్చు, నేను కాకపోతే ఇంకో సిస్టర్ ఉంటుంది" అని వదిలేయండి. అప్పుడు లేదన్న మనిషే తెల్లారగట్ల డ్రెస్సింగ్ మారుస్తుంటే తనంతట తనే చెప్పడం నేను చూశాను.

చెప్పడం మొదలుపెడితే అడ్డుపడకండి. "ఎందుకు కొట్టాడు?" అని మాత్రం అడగొద్దు, ఆ ప్రశ్నలోనే కొట్టడానికి ఏదో కారణం ఉండి ఉంటుందన్న అర్థం ఉంది, ఆమె వెంటనే కూరలో ఉప్పెక్కువైంది, ఫోనెత్తలేదు అంటూ తన తప్పులు వెతుక్కోవడం మొదలుపెడుతుంది. అలాగే "ఇంకా ఎందుకుంటున్నావ్, వదిలేసి పో" అని కూడా అనొద్దు. మంచి మనసుతో అనే మాటే, నాకు తెలుసు. కానీ ఆడది ఇల్లు వదిలి వెళ్తున్నప్పుడూ వెళ్లిన కొత్తలోనూ ప్రాణాపాయం తగ్గదు, పెరుగుతుంది. ఎక్కడికి, ఎవరితో, ఏ డబ్బుతో అన్నది ఆలోచించకుండా వెళ్లిపొమ్మనడం సలహా కాదు. "నువ్వు చెప్పింది నమ్ముతున్నానమ్మా, ఇందులో నీ తప్పేం లేదు" అంటే చాలు.

ఇక్కడ ఒక్క విషయం దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, మన దగ్గర ట్రైనింగుల్లో దీని గురించి సరిగా చెప్పరు. మెడ. "గొంతు పట్టుకున్నాడా? చున్నీతో బిగించాడా? పుస్తెలతాడు పట్టి లాగాడా?" అని విడివిడిగా, పేరు పెట్టి అడగండి, "ఇంకెక్కడైనా దెబ్బలున్నాయా" అంటే మెడ సంగతి చెప్పదు, ఎందుకంటే పైకి దెబ్బ కనపడదు కాబట్టి అది దెబ్బని ఆమే అనుకోదు. అమెరికాలో శాన్ డియాగో నగరంలో గొంతు నులిమిన 300 పోలీసు కేసులు తిరగేసి చూస్తే సగం మందికి పైకి ఏ గుర్తూ లేదని తేలింది. పైన గుర్తు లేకపోయినా లోపల మెడ రక్తనాళం పొర చిరిగి ఉండొచ్చు, గంటల తర్వాత గొంతు వాచి ఊపిరి ఆడకపోవచ్చు, వయసులో ఉన్న మనిషికి రోజుల తర్వాత పక్షవాతం రావొచ్చు. గొంతు బొంగురుపోవడం, మింగితే నొప్పి, కనురెప్పల లోపల సూదిమొనంత ఎర్రటి చుక్కలు, కాసేపు ఏమైందో గుర్తు లేకపోవడం, తెలియకుండా బట్టల్లోనే మూత్రం పోవడం, వీటిలో ఏ ఒక్కటున్నా డాక్టర్‌కి గట్టిగా చెప్పండి, మెడకి సీటీ యాంజియో (రక్తనాళాలు చూసే స్కాన్) అవసరమా చూడమనండి, టీటీ ఇంజెక్షన్ చేసి పంపించే కేసు కాదది. ఇంకో సంగతి, గతంలో ఒకసారి గొంతు నులిమిన భర్త చేతిలో ఆమె చనిపోయే అవకాశం ఏడు రెట్లకు పైగా ఉంటుందని 2008లో వచ్చిన ఒక అమెరికన్ పరిశోధన చెప్పింది. ఏ ఇంట్లో ప్రాణం పోయే ప్రమాదం ఎక్కువుందో పసిగట్టడానికి అక్కడ వాడే ప్రశ్నల పట్టిక తయారుచేసిన జాక్వెలిన్ క్యాంప్‌బెల్ కూడా మనలాగే నర్సు. ఆ పట్టిక మొత్తం మనకి అక్కర్లేదు గానీ నాలుగు ప్రశ్నలు గుర్తుపెట్టుకోండి: ఈ మధ్య కొట్టడం ఎక్కువైందా, చంపేస్తానని బెదిరించాడా, కత్తి లాంటిదేమైనా పట్టుకున్నాడా, కడుపుతో ఉన్నప్పుడు కూడా కొట్టాడా. వీటికి అవునని వస్తే ఆ రాత్రి ఆమెను ఇంటికి పంపకుండా అబ్జర్వేషన్ పేరుతో ఉంచే దారి చూడమని డ్యూటీ డాక్టర్‌ని అడగండి.

ఇక రాయడం. కేస్ షీట్లో "హిస్టరీ ఆఫ్ ఫాల్" అని రెండు ముక్కలు రాసి వదిలేస్తే, రేపు అవతలి లాయరు చదివి వినిపించేది ఆ రెండు ముక్కలే. ఆమె పడ్డానంది కాబట్టి మీరు అదే రాయాలి, కాదనను. కానీ "భర్త పక్కన నిలబడి ఉండగా జారిపడ్డానని చెప్పింది" అని కూడా రాయండి. అది మీరు కళ్లతో చూసిన నిజం, అందులో ఎవరి మీదా నింద లేదు. తర్వాత ఒంటరిగా ఉన్నప్పుడు వేరే మాట చెప్తే ముందు రాసినదాన్ని కొట్టేయొద్దు, దిద్దొద్దు. కింద కొత్తగా తేదీ, టైము వేసి, "ఎవరూ లేనప్పుడు ఇలా చెప్పింది" అంటూ ఆమె మాటలు ఆమె మాటల్లోనే రాసి సంతకం పెట్టండి. అప్పుడు రెండు మాటలెందుకయ్యాయో చదివినవాళ్లకే అర్థమవుతుంది.

కొట్టింది భర్త అని చెప్పిందా, భర్త అనే రాయించండి. మన దగ్గర ఒక చెడ్డ అలవాటుంది, "తెలిసిన వ్యక్తి దాడి" అని రాసేయడం. తెలిసిన వ్యక్తి అంటే ఎవరు, పక్కింటి వాడా? దేంతో కొట్టాడు, ఎక్కడ, ఎన్ని గంటలకి, అంతకుముందు ఎప్పుడైనా కొట్టాడా, ఆసుపత్రికి ఎవరు తీసుకొచ్చారు, ఇవన్నీ ఉండాలి. గాయం సెంటీమీటర్లలో కొలవండి, ఎడమా కుడా రాయండి, మనిషి బొమ్మ ఉన్న కాగితం దొరికితే దాని మీద గుర్తు పెట్టండి. పాత మచ్చలు కూడా లెక్కలోకి రావాలి. కమిలిన రంగును బట్టి "ఇది మూడు రోజుల కిందటిది" అని తేల్చి రాయొద్దు, రంగుని బట్టి వయసు కచ్చితంగా చెప్పలేరు, మనిషి ఒంటిరంగుని బట్టి కూడా మారిపోతుంది. ఎర్రగా ఉంది, ఆకుపచ్చగా మారింది అని రాసి వదిలేయండి, అభిప్రాయం డాక్టర్ చూసుకుంటారు. చిరిగిన జాకెట్టో రక్తం మరకల చీరో ఉంటే కత్తెర వేసేటప్పుడు చిరుగు మీదుగా కోయకండి, ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టించండి, ప్లాస్టిక్ కవర్లో బూజు పడుతుంది. ఫొటోలు తీయాలంటే ఆమె ఒప్పుకోవాలి, ఆసుపత్రి కెమెరాతోనే తీయాలి. మీ సొంత ఫోన్లో వద్దు, వార్డు వాట్సాప్ గ్రూపులోకి వెళ్లిన ఫొటోని వెనక్కి తెచ్చే నాథుడు లేడు.

ఎమ్మెల్సీ విషయంలో భయాలు రెండు వైపులా ఉన్నాయి. ఎమ్మెల్సీ చేస్తే మొగుడు జైలుకి పోతాడని ఆమె అనుకుంటుంది, చేస్తే కోర్టు చుట్టూ తిరగాల్సొస్తుందని మన డాక్టర్లు అనుకుంటారు. ఎమ్మెల్సీ చేయాలా వద్దా అన్నది డాక్టర్ నిర్ణయం, కొట్టిన దెబ్బలని తెలిశాక చేయడమే పద్ధతి, ఆసుపత్రిలోని పోలీసు అవుట్‌పోస్టుకి సమాచారం వెళ్తుంది. అది కేసు పెట్టడం కాదు. భర్తా అత్తింటివాళ్ల క్రూరత్వం మీద ఇప్పుడున్న సెక్షన్ భారతీయ న్యాయ సంహితలో 85, పాత 498ఏ అన్నమాట. అది పోలీసులు నేరుగా నమోదు చేయాలంటే బాధితురాలో, ఆమె రక్తసంబంధీకులో దగ్గరి బంధువులో ఫిర్యాదు ఇవ్వాలి. ఈ ముక్క ఆమెకి చెప్పండి, సగం టెన్షన్ తగ్గుతుంది: "రాసి పెట్టుకోవడం వేరమ్మా, కేసు వేరు. కేసు పెట్టాలా వద్దా అన్నది నీ ఇష్టం. ఇది రాసి ఉంటే రేపు నీకు అవసరమైనప్పుడు ఉంటుంది." పోలీసుతో మాట్లాడనంటే ఆ మాట కూడా రాసి ఆమె సంతకం తీసుకోండి. ఏది ఏమైనా వైద్యం ఆగకూడదు, ముందు ప్రాణం, తర్వాతే ఎమ్మెల్సీ కాగితాలు అని సుప్రీంకోర్టు పరమానంద్ కటారా కేసులో 1989లోనే చెప్పింది.

చాలామంది నర్సులకి తెలియని కాగితం ఇంకొకటుంది. 2005 గృహహింస చట్టం కింద వచ్చిన 2006 నిబంధనల్లో 17వది చూడండి. ఫిర్యాదు లేదని ఆసుపత్రి ఆమెకు వైద్యం నిరాకరించకూడదు, అప్పటికి గృహహింస నివేదిక తయారు కాకపోతే ఆసుపత్రి బాధ్యుడే ఆ నివేదిక రాసే ఫారం 1 నింపి ప్రొటెక్షన్ ఆఫీసర్‌కి (ఈ చట్టం కింద ఉండే రక్షణ అధికారికి) పంపాలి, వైద్య పరీక్ష రిపోర్టు కాపీ ఆమెకి ఉచితంగా ఇవ్వాలి. రూలు ఇంత స్పష్టంగా ఉన్నా ఫారం 1 ఉన్న క్యాజువాలిటీ నాకు ఎక్కడా తగల్లేదు. నాలుగు కాపీలు తీయించి డ్రెస్సింగ్ గది సొరుగులో పెట్టించడానికి పెద్ద ఖర్చేం కాదు కదా. ఈ చట్టం కింద ఆమె అడిగేది రక్షణ ఉత్తర్వు, ఇంట్లో ఉండే హక్కు, ఖర్చులు, పిల్లల కస్టడీ, అంటే మొగుణ్ణి జైల్లో పెట్టించకుండానే కొట్టకుండా ఆపించే దారి. "ఇల్లు మా అత్త పేరున ఉందండీ, నాకేం హక్కుంటుంది" అంటారు. కోడలిగా కాపురమున్న ఇల్లు అత్తమామల పేరున ఉన్నా అక్కడ ఉండే హక్కు అడగొచ్చని 2020లో సుప్రీంకోర్టు చెప్పేసింది. లాయరుకి డబ్బుల్లేవంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది, ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితం, ఫోను 15100.

ఇప్పుడు మన జిల్లాల్లో ఎక్కువగా చూసే వాటి గురించి. దెబ్బలతో వచ్చేవాళ్లకంటే పురుగుమందు తాగి వచ్చేవాళ్లు ఎక్కువ. పత్తి, మిర్చి పండే ఊళ్లు, డబ్బా ఇంట్లోనే ఉంటుంది, గొడవైన ఐదు నిమిషాల్లో చేతికందుతుంది. టౌన్లో అయితే తలకేసుకునే రంగు తాగి వస్తారు, అది ఇంకా దారుణం, మెడ, నాలుక వాచి ఊపిరి ఆగిపోతుంది, గొంతుకి రంధ్రం చేయాల్సి వస్తుంది, కండరాలు కరిగి మూత్రం కోలా రంగులో పోస్తారు, కిడ్నీలు పోతాయి. వాళ్లకి కడుపు కడిగేటప్పుడు మనవాళ్లు తిట్టడం వినే ఉంటారు, "పిల్లల మొహం చూడలేదా, సిగ్గు లేదా" అని. దయచేసి మీరు ఆ అలవాటు చేసుకోకండి. ఆ డబ్బా ఎత్తేదాకా ఎవరు తెచ్చారన్నది అడగాల్సిన ప్రశ్న. 2017 మానసిక ఆరోగ్య చట్టం సెక్షన్ 115 కూడా ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే చూడాలి, శిక్షించకూడదు అంటుంది. అయితే పురుగుమందు కేసుల్లో ఒక మెలిక ఉంది, విరుగుడుగా అట్రోపిన్ మందు ఎక్కుతున్నప్పుడు మనిషి ఒకదానికొకటి పొంతన లేకుండా మాట్లాడుతుంది, గాల్లో దేన్నో పట్టుకుంటుంది. ఆ టైములో చెప్పిన మాటని వాంగ్మూలంగా తీసుకుంటే రేపు నిలవదు. మతి స్థిరంగా ఉందని డాక్టర్ చూశాక, బహుశా రెండో రోజో మూడో రోజో, అప్పుడు నెమ్మదిగా అడగండి, తాగిందా, తాగించారా అన్నది కూడా.

కాలిన గాయాల దగ్గర టైము ఉండదు. "స్టవ్ పేలింది" అని అత్తింటివాళ్లు చెప్తుంటే ఆమె కళ్లు మూసుకుని ఉంటుంది. మెజిస్ట్రేట్ వచ్చి మరణ వాంగ్మూలం తీసుకునే లోపు మన చేతుల్లో ఉండేవి రెండే, బంధువులెవరినీ దగ్గరికి రానివ్వకపోవడం, నొప్పికి ఏ ఇంజెక్షన్ ఎంత డోసు ఎన్ని గంటలకు ఇచ్చామో నిమిషంతో సహా రాయడం. ఆమె అప్పుడు మత్తులో ఉందా లేదా అని కోర్టులో తప్పకుండా అడుగుతారు. మెజిస్ట్రేట్ రాకముందే పరిస్థితి చేయిదాటిపోతుంటే ఆమె మీతో చెప్పిన మాట మీరు రాసి పెట్టొచ్చు, భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 26 కింద మరణ వాంగ్మూలం ఫలానా వాళ్లే తీసుకోవాలని లేదు. పక్కన డాక్టర్ ఉంటే మతి స్థిరంగా ఉందని రాయించండి, డాక్టర్ సర్టిఫికెట్ లేదన్న ఒక్క కారణంతో దాన్ని కొట్టేయక్కర్లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2002లో చెప్పింది. పెళ్లయిన ఏడేళ్లలోపు చనిపోతే శవ పంచనామా తహసీల్దార్ చేస్తారు, కాబట్టి పెళ్లి ఎప్పుడైందో ఆమె మాట్లాడగలిగినప్పుడే అడిగి రాసుకోండి. ఇది ఎంత కష్టంగా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

ఇంటికి పంపేటప్పుడు చేతికి పాంప్లెట్ ఇవ్వకండి, మందుల చీటీ వెనక నంబరు రాయకండి, దార్లోనే ఆయన చూస్తాడు. మహిళా హెల్ప్‌లైన్ 181 మూడంకెలే, నోటితో రెండుసార్లు అనిపించండి. అత్యవసరమైతే 112. ఫోన్లో పెట్టుకుంటానంటే గ్యాస్ బుకింగ్ పేరుతో సేవ్ చేసుకోమనండి. కేంద్రం 2015లో మొదలుపెట్టిన సఖి వన్ స్టాప్ సెంటర్లలో ఐదు రోజుల దాకా ఉండనిస్తారు, కౌన్సిలింగ్, పోలీసు, లాయరు సాయం అక్కడి నుంచే దొరుకుతుంది, మీకు దగ్గర్లో ఉన్న సెంటర్ నంబరు మీ డ్యూటీ రూంలో రాసి పెట్టుకోండి. వార్డు సచివాలయంలో మహిళా పోలీసు ఉంటే, కొందరికి స్టేషన్ కంటే ఆమె దగ్గరికి వెళ్లడం సులువు. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, పెళ్లి ఫొటో, పిల్లల సర్టిఫికెట్లు ఒక కవర్లో పెట్టి నమ్మకమైన పక్కింటావిడ దగ్గరో పుట్టింట్లోనో ఉంచమనండి. మీ సొంత ఫోన్ నంబరు మాత్రం ఇవ్వకండి, మీ ఇంటికి ఆయన రావడం ఆమెకీ మంచిది కాదు, మీకూ మంచిది కాదు. ఆయనతో గొడవ కూడా పెట్టుకోవద్దు, మీరు కడిగేసిన ప్రతి మాటకీ బదులు ఇంటికెళ్లాక ఆమె చెల్లిస్తుంది. తాగొచ్చి మీ మీదకి వస్తే వెంటనే అవుట్‌పోస్టు కానిస్టేబుల్‌ని పిలవండి, ఆసుపత్రి సిబ్బంది మీద దాడికి మన రాష్ట్రంలో 2008 నుంచే ప్రత్యేక చట్టం ఉంది.

ఇవన్నీ ఒక్క నర్సు మోయగలిగేవి కావని నాకూ తెలుసు, అందులోనూ స్ట్రెచర్లు వరండాలోకి వచ్చేసిన రాత్రి. ముంబైలో బాంద్రా భాభా ఆసుపత్రిలో 2000లో దిలాసా అనే కేంద్రం పెట్టారు, ప్రభుత్వాసుపత్రి లోపలే కౌన్సిలర్లు కూర్చుంటారు, అనుమానం వచ్చిన మనిషిని నర్సు అక్కడికి పంపితే చాలు. మన దగ్గర అంత ఏర్పాటు ప్రతి ఆసుపత్రిలో లేదు, సూపరింటెండెంట్‌ని అడుగుతూ ఉండటమే. ఇంకో మాట, ఈ ప్రశ్నలు చదువుతూ కొంతమంది సిస్టర్స్ తమ ఇల్లు గుర్తు తెచ్చుకుంటారు. యూనిఫాం వేసుకున్నంత మాత్రాన మన ఇళ్లలో ఇవి జరగవని కాదు, 181 మనకీ పనిచేస్తుంది.

మీరన్న ఆమె మళ్లీ వస్తుంది, చాలామంది వస్తారు. "మళ్లీ వచ్చిందిరా ఈవిడ" అని ఎవరైనా నవ్వితే ఆమె చెవిన పడకుండా ఆపండి, అది వింటే ఇంకో ఆసుపత్రికి పోతుంది, రికార్డు ముక్కలైపోతుంది. ముందుసారి ఎమ్మెల్సీ నంబరు రిజిస్టర్లో వెతికి కొత్త కేస్ షీట్ మీద రాయించండి, ఆ నంబరు ఉంటేనే ఇది మొదటిసారి కాదని కాగితం మీద తెలుస్తుంది. మెడ సంగతి మళ్లీ మొదటి నుంచి అడగండి.